తాతగారు వేసిన రంగు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువు గొప్పతనమైనా దాని వయసుని బట్టే తేలేది. "ఇది మీ తాతగారి నాటిది" అన్నారంటే ఇక దాని మీద అప్పీలు లేదు. కాలు కుంటే కుర్చీ అయినా సరే, తనకి తోచినప్పుడు గంటలు కొట్టే గడియారమైనా సరే, దానికి వంక పెట్టినవాడు ఆ పూటకి ఇంట్లో శత్రువు. కొత్తగా వచ్చినది మాత్రం ఎంత బాగా పనిచేసినా "ఎన్నాళ్ళుంటుందో చూద్దాం" అనే అనుమానం కిందే బతకాలి. (కొత్తగా డిగ్రీ పాసైన నేను కూడా ఆ లెక్కలోకే వచ్చేవాణ్ణి.) ఇప్పుడు తల్చుకుంటే అనిపిస్తుంది, మనుషులు ఒకదాన్ని మెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాక ఇక దాన్ని చూడ్డం మానేస్తారని. మా వసారా కటకటాల విషయంలో జరిగింది సరిగ్గా అదే. ఈ సంగతి ఎత్తితే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటారు గానీ, మీరు పరాయివాళ్ళు కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

కొత్తపేట దాటి కాలవగట్టు పట్టుకుని కాస్త ముందుకెళ్తే మా ఇల్లు. పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా, ఆ వసారాకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చెక్క కటకటాలు. నిలువుగా పట్టీలు, వాటి మీద అడ్డంగా చెయ్యి ఆనించుకునే చేపట్టు, మధ్యలో రెండు రెక్కల తలుపు. ముందు కాలవ, మిగతా మూడు వైపులా కొబ్బరిచెట్లు, కాబట్టి మా ఇంటికి ఎండ రావాలంటే చాలామంది అనుమతి తీసుకుని రావాలి. వానాకాలంలో ఉతికిన బట్టలు ఆరేవి కావు, ఊరికే వాసన మార్చుకునేవి. ఉప్పు జాడీలో నీళ్ళు, నూతి చప్టా మీద పాకుడు, అగ్గిపెట్టెలో నిరాశ. అటువంటి ఇంట్లో మా కటకటాలు మాత్రం నిండు పచ్చరంగులో, ఎక్కడా పెచ్చు ఊడకుండా ఉండేవి. ఎండాకాలం కాస్త నల్లబడేవి, తొలకరి పడగానే మళ్ళీ నిగనిగలాడేవి. ఆ రంగు మా తాతగారు స్వహస్తాలతో వేసింది. ఆయన పోయేనాటికి నేను పాకుతున్నానట. అమ్మా నాన్నా అప్పట్లో ఏజెన్సీలో టీచర్లుగా ఉండి, ఏ వేసవి సెలవలకో వచ్చి వెళ్ళేవారట, ఆయన పోయిన నాలుగైదేళ్ళకి గానీ బదిలీ దొరికి ఇక్కడికి రాలేదు. అంచేత రంగు వేస్తుండగా కళ్ళారా చూసింది నాయనమ్మ ఒక్కర్తే.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటికి ఎవరొచ్చినా వసారాలో కూర్చోబెట్టి, లోపల్నుంచి టీ వచ్చేలోపు ఆ రంగు గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చేవారు. "చూసేరా మాస్టారూ, ఎన్ని తుఫాన్లొచ్చేయి, ఎన్ని వరదలొచ్చేయి, రవ్వంత వెలిసిందేమో చెప్పండి. పైగా ఏటా వానాకాలానికి ఇంకా చిక్కబడుతుందండి. ఈ రోజుల్లో ఇలాంటి రంగులు ఎక్కడ చస్తున్నాయి!" అనేవారు. వచ్చినాయన "ఆయ్, నిజవేనండి" అని తలూపి టీ కోసం గుమ్మం వైపు చూసేవారు. (రంగుల విషయంలో నాన్న మాటకి ఎంత విలువివ్వాలో అమ్మ ఎప్పుడో చెప్పింది. "మీ నాన్నకి ఉన్న రంగులు రెండేరా, ఉతికినవి, ఉతకనివి" అని.) ఏటా క్రిస్మస్ ముందు ఇల్లంతా వెల్ల వేయించేవాళ్ళం గానీ, కటకటాల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళడానికి లేదు. కొత్తరంగు మాట అటుంచి, తడిగుడ్డ పెట్టి తుడవనిచ్చేది కాదు నాయనమ్మ. "అత్తయ్యగారూ, కింద వారంతా నాచు పట్టేసిందండీ, అదైనా గోకించేద్దామండీ" అని అమ్మ ఓసారి మెల్లిగా కదిపితే, "పడితే పట్టింది, నిన్నేవన్నా కరుస్తుందా?" అని కొట్టిపారేసింది. "ఆయన ఉంచి వెళ్ళిన రంగు. మీ చేతులు దాని మీద పెట్టకండి" అనడం ఆవిడ ఆఖరిమాట.

ఆ ఏడు వానలు దసరా దాటినా వదల్లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నాన్నతో కూడా వచ్చిన పెద్దాయనకి మామూలు ఉపన్యాసం జరుగుతోంది. "రంగుకి తగ్గ చెక్కండి. గట్టితనం చూడండి" అని నాన్న ఒక పట్టీని పట్టుకుని ఊపేరు. అది ఊడి శుభ్రంగా ఆయన చేతిలోకి వచ్చేసింది. అడుగున జానెడు మేర చెక్క పాలల్లో నానిన రొట్టెలా ఉంది. నాన్న ఉపన్యాసం ఆపకుండానే పట్టీని తన కుర్చీ వెనకాలకి జారేసేరు, పెద్దాయన కూడా మర్యాదస్తుడు కాబట్టి చూడనట్టే టీ తాగి వెళ్ళిపోయేరు.

ఇక దాచి లాభం లేదని అమ్మ తన తమ్ముణ్ణి పిలిపించింది. మా మావయ్యకి తాటిపాకలో గ్యాసు ప్లాంటులో ఉద్యోగం. వేలికి గుండుసూది గుచ్చుకున్నా, అది ఎందుకు గుచ్చుకుంది, మళ్ళీ గుచ్చుకోకుండా ఏం చెయ్యాలి అని విచారణ జరిపించే మనిషి. గొంతుక్కూచుని కటకటాలన్నీ పొడిచి చూసి, "బావగారూ, కింద నాచు తడిని పట్టి ఉంచేస్తోందండి, చెక్క ఆరే వీల్లేక కుళ్ళిపోతోంది. అంతా కడిగి, బాగా ఆరబెట్టి, రంగు వేసెయ్యాలండి. లేదంటే వచ్చే వానాకాలానికి మీకు కటకటాలు ఉండవు, నాచు ఒక్కటే నిలబడి ఉంటుంది" అని తీర్పు చెప్పేడు. ఆ తీర్పు నాయనమ్మకి వినిపించడానికి నలుగురం కలిసి వెళ్ళేం. (ఒక్కళ్ళే వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు.) ఆవిడ అంతా విని, వసారాలోకి వచ్చి, కటకటాల వంక చాలాసేపు చూసింది. "సరే, కడుక్కోండి. కానీ ఇప్పుడు ఏ రంగు కనబడుతోందో ఆ రంగే ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా నేను అమ్మాయి దగ్గరే ఉండిపోతాను, మళ్ళీ ఈ గడప తొక్కను" అంది. అది వట్టి బెదిరింపని అనుకోడానికి లేదు. ఇదివరకోసారి తాతగారి కుర్చీని పెరట్లోకి మార్చినందుకు రాజోల్లో మా అత్త ఇంటికి వెళ్ళి కూచుని, కుర్చీ తిరిగి వసారాలోకి వచ్చిందని రూఢి అయ్యేకే బస్సెక్కిన మనిషి. మర్నాడే, అత్తా వాళ్ళ చర్చిలో కోతల పండగుందని చెప్పి, చిన్న సంచి ఒకటి పట్టుకుని బయల్దేరిపోయింది. ఆవిడ ఆటో ఎక్కుతుంటే ఎప్పుడొస్తావని రెండుసార్లు అడిగేను. ఉద్యోగం సద్యోగం లేని నన్ను ఆ ఇంట్లో మనిషిలా చూసేది ఆవిడొక్కర్తే, ఆవిడ తిరిగి రాకపోతే నా గతేంటని.

పని నా మీద పడింది. నేను కెమిస్ట్రీతో బీయస్సీ పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూడ్డాన్నే ఉద్యోగంగా చేస్తున్నాను. "వాడు చదివింది ఇదే కదా" అన్నారు నాన్న. చదువుకి ఇన్నాళ్ళకి గౌరవం దక్కిందని నేనూ పొంగిపోయి, ఊడిన పట్టీలోంచి పచ్చగా ఉన్న పైముక్క ఒకటి కోసి, పాత పేపర్లో చుట్టుకుని అమలాపురం వెళ్ళేను. అక్కడ రంగుల కొట్లో కొత్తగా కంప్యూటర్ మిషను పెట్టేరు, ఏ ముక్క చూపించినా అచ్చం అదే రంగు కలిపి ఇస్తుందని పేరు. కొట్టాయన పేపరు విప్పి, ముక్కుదాకా తీసుకెళ్ళి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇదేంటండీ, ఇలాగ కొడతంది?" అన్నాడు. "పాత ఇల్లండి" అన్నాను. "తడిగా కూడా ఉందండి." "కాలవగట్టండి." ఆయన గుడ్డముక్క తీసి తుడవబోతే నేను చెయ్యి పట్టేసుకున్నాను. "తుడవకండి! ఎలా ఉన్నది అలాగే కావాలండి, మా నాయనమ్మ ఆర్డరు" అన్నాను. మిషను దాని మీద వెలుగేసి, పాపం, చాలాసేపు ఆలోచించింది. డబ్బా మూత తీసి చూపించినప్పుడు మాత్రం కొట్టాయన నిజంగానే ముచ్చటపడ్డాడు. "ఇంత లేత లేతగా, ప్రాణం ఉన్నట్టుండే పచ్చ నేనింతవరకూ కలపలేదండి. కేటలాగులో ఎక్కడా లేదండి" అన్నాడు. "మా తాతగారి టేస్టండి" అన్నాను, మా తాతగారి మొహం ఎలా ఉంటుందో ఫొటోలో తప్ప ఎరగని నేను.

కడిగే రోజున మావయ్య సెలవు పెట్టి మరీ వచ్చేడు. వస్తూ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు, పసుపురంగు హెల్మెట్టు తెచ్చేడు. "బకెట్లో బ్లీచింగ్ పౌడరు కలపడానికి హెల్మెట్టెందుకు మావయ్యా?" అంటే, తలెత్తి మా వసారా ముందున్న కొబ్బరిచెట్టుని చూపించి, "గెల పడ్డాక అడుగు చెప్తాను" అన్నాడు. పని పద్ధతి కూడా ఆయనే చెప్పేడు. బ్లీచింగ్ నీళ్ళు బ్రష్షుతో కిందనుంచి పట్టించాలి, కాఫీ తాగేంతసేపు వదిలెయ్యాలి, కొబ్బరిపీచుతో చెక్క పొడుగు వెంబడి రుద్దాలి, మంచినీళ్ళతో కడగాలి. అడ్డంగా రుద్దితే చెక్క లేస్తుంది. హెల్మెట్టుతో, అద్దాలతో నేను వసారా ముందు వంగుని పనిచేస్తుంటే గట్టు మీద పోయేవాళ్ళు సైకిళ్ళాపి చూసేరు. మధ్యాహ్నానికల్లా పక్కింటి పిన్నిగారు గోడ మీంచి, "ఏవండీ, మీ వసారాలో గ్యాసు పడిందంట కదా, ఇల్లు తీసేసుకుంటారంటండీ?" అని అమ్మని పరామర్శించేరు. ఊరూరా గ్యాసు కోసం బోర్లు వేసే మా వైపు హెల్మెట్టు పెట్టుకున్నవాడు కనబడితే జనానికి ముందొచ్చే అనుమానం అదే.

అడుగున పట్టిన నాచు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. నేను ఉత్సాహంగా పైకి వెళ్ళేను. అప్పుడు చూసేను, నాచు లేనిచోట కూడా పీచు వెంట పచ్చగా కారుతోంది. కంగారుపడి నీళ్ళు పోసేను. నీళ్ళతో పాటు పచ్చరంగంతా జారి, పట్టీ పొడుగునా లేత నీలం బయటపడింది. పక్క పట్టీ రుద్దేను, అదీ నీలమే. నా పై ప్రాణాలు పైనే పోయేయి. తాతగారు స్వహస్తాలతో వేసి, ఇన్ని తుఫాన్లు తట్టుకుని నిలబడ్డ రంగుని నేను ఒక్క పూటలో చంపేసేను! అమ్మ పరిగెత్తుకొచ్చి, "ఏం చేసేవురా?" అంది. ఏడుపొచ్చినా చదువుకున్నవాణ్ణి కదా, "అమ్మా, ఇది రసాయన చర్య. ఆ రోజుల్లో పచ్చరంగులో రాగి కలిపేవాళ్ళు, బ్లీచింగ్‌లో ఉన్న క్లోరిన్ రాగితో కలిస్తే నీలంగా మారుతుంది" అని వివరించేను. పుస్తకంలో ఎక్కడా లేని చర్య అది, నా నోటికి అప్పటికప్పుడు పుట్టింది. "నీ చదువు తగలెయ్య, మళ్ళీ పచ్చగా మారే చర్య ఏదైనా ఉంటే చెప్పు" అంది అమ్మ.

మావయ్య వచ్చి, ఆ రోజుకి మొదటిసారి చేతి తొడుగు తీసేసి, ఇంకా కడగని పట్టీని గోటితో గీరేడు. గోట్లోకి వచ్చిందాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసేడు. "ఇది రంగు కాదక్కా, పాచి" అన్నాడు. "కిందనుంచి చేపట్టు దాకా అంతా పాచే. మీ మావగారు వేసిన రంగు ఆ నీలం." నాన్న మెల్లిగా వెళ్ళి తాతగారి కుర్చీలో కూలబడ్డారు. "ఏటా వానాకాలానికి చిక్కబడుతోందంటే..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "ఎంతమందికి చెప్పేనే" అన్నారు నీరసంగా. నాకైతే ఆ కొట్టాయనే కళ్ళ ముందు మెదిలేడు. ప్రాణం ఉన్నట్టుందండి అన్నాడు. ఉందన్నమాట.

ఇక అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నాన్న తేరుకుని, "నాన్నగారు వేసింది నీలం. అమ్మ కాపాడుకుంటూ వచ్చింది నాన్నగారి రంగుని. అంచేత నీలమే వెయ్యాలి, అది న్యాయం" అన్నారు. "అత్తయ్యగారు కనబడుతున్న రంగే ఉండాలన్నారండీ, కనబడింది పచ్చే కదా. నీలం వేస్తే ఆవిడ రాజోలు నుంచి రారు, మీ న్యాయం మీరూ కూచుని చూసుకోండి" అంది అమ్మ. "పెద్దావిడకి చూపు మందగించింది కదండి బావగారూ, పాచి అని ఆవిడకీ తెలీదేమో" అన్నాడు మావయ్య. ఒక్క ఫోను చేసి అడిగేస్తే తేలిపోతుంది. కానీ ఏవని అడుగుతాం? అమ్మా, నువ్వు ఇన్నేళ్ళూ గుండెల్లో పెట్టుకుని కాపాడింది పాచి అని చెబుతామా? ఆవిడ మనసేమైపోతుంది? అందరం కలిసి నాన్న చేతికి ఫోనిచ్చేం. ఆయన గొంతు సవరించుకుని, "అమ్మా, నేనే. ఏం లేదు. భోంచేసేవా? ఆ... ఏం కూర? ఆ... సరే, పండగ బాగా జరిగిందా? ఆ... ఏం లేదు, ఊరికే" అని పెట్టేసి, మా వంక చూడకుండా పడకగదిలోకి వెళ్ళిపోయేరు. చివరికి నిర్ణయం రంగుల డబ్బాయే తీసుకుంది. మిషను కలిపిన రంగు కొట్లో తిరిగి తీసుకోరు, డబ్బా మూత కూడా తీసేసేం, అందులో పచ్చ తప్ప ఇంకోటి లేదు.

పచ్చ వేద్దామంటే చెక్క ఆరాలిగా! కడిగిన మర్నాడే అల్పపీడనం పట్టింది, సన్నగా ముసురు. తడిచెక్క మీద రంగు వేస్తే బుడగలు లేచి ఊడిపోతుందని మావయ్య ఫోన్లో గంటకోసారి హెచ్చరిస్తున్నాడు. వసారాకి టార్పాలిను కట్టి, ఇంట్లో ఉన్న ఫాన్లన్నీ బయటికి తెచ్చి కటకటాలకి గురిపెట్టేం. కరెంటు పోయింది. అప్పుడు అమ్మ ఇత్తడి మూకుళ్ళలో కొబ్బరిడొక్కలు రాజేసి, మంట లేవకుండా నిప్పులు కణకణలాడేలా ఉంచి, పట్టీల వారగా వరసగా పెట్టింది. నేను విసనకర్ర పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి విసురుతూ తిరిగేవాణ్ణి. పిన్నిగారు మళ్ళీ గోడ దగ్గరికి వచ్చి, "బాలింతకి కూడా ఇంత కాపడం పెట్టరండీ" అన్నారు. ఆ రెండ్రోజులూ కటకటాలు నీలంగానే ఉన్నాయి. బయట ముసురు, లోపల ఆ నీలం. విసిరి విసిరి చేతులు పడిపోతున్నా, నేను మధ్యమధ్యలో విసనకర్ర ఆపి దాని వంక చూస్తూ నిలబడ్డ మాట నిజం. ఎందుకో తెలీదు, బాగుండేది. ఆ తర్వాత వెలుతురొచ్చింది, చెక్క గోటితో కొడితే టకటకమంది. కుళ్ళిన పట్టీలు మార్పించి, ఉప్పుకాగితం పట్టించి, ప్రైమరు వేసి, ఆ పైన కంప్యూటరు పచ్చ వేసేం. నీలం మీద పచ్చ వేస్తున్నప్పుడు నాన్న లోపలికి వెళ్ళిపోయేరు.

రెండో పూత ఇంకా పూర్తిగా ఆరనేలేదు, నాయనమ్మ ఆటో దిగింది. మేం ముగ్గురం మెట్ల దగ్గర వరసగా నిలబడ్డాం. ఆవిడ గుమ్మం ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, కటకటాల్ని కిందనుంచి పైదాకా చూసింది. ఒక పట్టీ మీద వేలు పెట్టింది. వేలికంటిన పచ్చరంగు వంక చూసుకుంది. "దాహంగా ఉంది, కాసిని మజ్జిగియ్యమ్మా" అని అమ్మతో అని, గడప దాటి లోపలికి వచ్చేసింది. వచ్చేసిందని సంతోషించాలో, ఏమీ అననందుకు భయపడాలో తెలీక, ఆ సాయంత్రం దాకా మేం ఇంట్లో పిల్లుల్లా తిరిగేం.

మా నాయనమ్మకి ఒక పద్ధతుంది. మొహం మీద ఎవర్నీ ఏమీ అనదు. అనాల్సినదంతా దాచిపెట్టుకుని సాయంకాలం కుటుంబ ప్రార్థనలో దేవుడితో చెబుతుంది. అందరం కళ్ళు మూసుకుని మోకాళ్ళ మీద ఉంటాం కాబట్టి మధ్యలో ఎదురు చెప్పడానికుండదు, ఆవిడ ఆమెన్ అన్నాక ఇక చెప్పడానికేమీ మిగలదు. ఆ సాయంత్రం కూడా ఆవిడ గొంతు సవరించుకోగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"పరలోకమందున్న మా తండ్రీ, నన్ను క్షేమంగా రాజోలు తీసుకెళ్ళి క్షేమంగా తీసుకొచ్చినందుకు నీకు స్తోత్రం. పండగలో మా అమ్మాయి ఇచ్చిన గుమ్మడికాయ వేలంపాటలో బాగా పలికినందుకు స్తోత్రం. ప్రభువా, నా కొడుకు ఫోను చేసి అడగాల్సింది అడగలేక కూరల గురించి మాట్లాడి పెట్టేసేడు, వాడికి ధైర్యం దయచెయ్యి. నా కోడలు మజ్జిగలో ఉప్పుకి బదులు పంచదార వేసి ఇచ్చింది, దానికి నెమ్మది దయచెయ్యి. అది పాచి అని వీళ్ళకి ఇప్పటికి తెలిసింది ప్రభువా."

ముగ్గురం ఒక్కసారే కళ్ళు తెరిచేం. ఆవిడ కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి.

"నీకు తెలియందేముంది. నీ దాసుడైన మా ఆయన్ని పచ్చరంగు తెమ్మని అమలాపురం పంపేను. ఆయన తనకి నచ్చిందని నీలం తెచ్చేడు. నాతో మాట మాత్రమైనా అనకుండా వేసేసేడు. నేను మాట్లాడ్డం మానేసేను. అప్పుడాయన ఏవన్నాడో నువ్వు విన్నావు. కాలవగట్టు మీద ఇల్లు, వానలు పడనీవే, అదే పచ్చబడుతుంది అన్నాడు. ఆ వానల్లోనే అడుగున పచ్చబడింది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించి, నీ రంగు వచ్చిందే అని నవ్వేడు. ఏడాదికింత పైకెక్కింది. చేపట్టు దాకా ఎక్కకుండానే నువ్వు ఆయన్ని పిలిపించేసుకున్నావు. మిగతాది ఎక్కుతుంటే నేనొక్కదాన్నే కూచుని చూసేను ప్రభువా. దాన్ని కడుగుతుంటే చూడలేకే రాజోలు పోయేను. ఇప్పుడు నా మనవడు పచ్చరంగు తెచ్చేడు. అచ్చం అదే తెచ్చేడు. నీ దాసుడు తేలేనిది వీడు తెచ్చేడు. వీడికి త్వరగా ఉద్యోగం దయచెయ్యి. ఆమెన్."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాన్న మాత్రం మోకాళ్ళ మీంచి లేవకుండానే ఏదో గుర్తుతెచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి, "ఓ వేసవికి వచ్చినప్పుడు పైన నీలం, కింద పచ్చ ఉన్నట్టే గుర్తమ్మా. రెండు రంగులు వేయించేరేమో అనుకున్నాను" అన్నారు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?" అని అమ్మ అరిచినంత పని చేసింది. "ఎవరడిగేరు?" అన్నారు నాన్న.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ వసారాలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను పిలిచింది. "కడిగినప్పుడు నీలం బయటపడిందా?" అంది, తల ఎత్తకుండా. "పడింది నాయనమ్మా, రెండ్రోజులుంది." "ఎలా ఉంది?" అంది. ఆవిడ పక్షం మాట్లాడాలి కదాని, "ఏం బాగుంది, నీ పచ్చ ముందు అదెంత!" అన్నాను. ఆవిడ చేతిలో కాయ ఆపి నా వంక చూసింది. "నీ మొహం. ఎంత బాగుండేదో! పొద్దున్నే కాలవ మీద వెలుగొచ్చి దాని మీద పడితే లోపల వంటింట్లోంచి కూడా తొంగి చూసేదాన్ని. ఆ మాట ఆయనకి చెప్పలేదురా. పంతం. ఇవాళ కాదు రేపు చెబుదాం, ఇంకాస్త ఏడిపించి చెబుదాం అనుకున్నాను. అంతలో ఆయన వెళ్ళిపోయేడు." మళ్ళీ కాయల పనిలో పడిపోయింది. నేను చిక్కుడుకాయలు కొన్ని ఒళ్ళోకి తీసుకుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టేను.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ ప్రార్థన ఫలించి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, జుట్టు కూడా పోయింది. కానీ ఆ పొద్దుటి మాట నా మీద ఎంత గట్టిగా పనిచేసిందంటే, బాగున్నదాన్ని బాగుందని చెప్పడం రేపటికి వాయిదా వెయ్యడం నాకు చేతకాకుండా పోయింది. కూర వడ్డిస్తుండగానే బాగుందంటాను, చీర మడత విప్పుతుండగానే బాగుందంటాను. మొన్న మా ఆవిడ బజారు నుంచి ఏదో తెచ్చి బల్ల మీద పెట్టగానే, "చాలా బాగుందోయ్" అన్నాను. ఆవిడ నా వంక ఎగాదిగా చూసి, "ఇంకా కవరు తియ్యనే లేదు కదండీ" అంది.